‘నూరి మజ్జిగలో కలిపిచ్చేయ్, ఏం కాదు’: వినకూడని మందు సలహాలు

హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ అనగానే లారీలు, స్కూటర్లు, చేతి గడియారాలు గుర్తొస్తాయి. అక్కడ మందుల ఫ్యాక్టరీలూ ఉన్నాయి. మైక్రో ల్యాబ్స్ లాంటి పెద్ద కంపెనీల మాత్రలు ఆ రోడ్ల మీదుగానే బయటి ఊళ్ళకు వెళ్తాయి. ఇదే కృష్ణగిరి జిల్లాలో సామనపల్లి అనే పల్లె ఉంది. 2021 ఆగస్టు 5న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని ఆ ఊళ్ళోనే ప్రారంభించారు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళ గడపకే మాత్రలు తెచ్చిచ్చే పథకం అది. మాత్రను తయారుచేసేవాళ్ళూ, మింగేవాళ్ళూ ఒకే జిల్లాలో ఉన్నారు. చాలామంది ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. అయినా ఒకరి మాట ఒకరికి చేరదు. చేరేవి పక్కింటి సలహా, బస్సులో పక్క సీటు సలహా, మందులంగడిలో తొందరగా చెప్పే సలహా. ఫ్యాక్టరీ లోపలా అంతే. సీనియర్లు జూనియర్లకు చెప్పే మాటల్లో ఎవరూ పరీక్షించి చూడనివి బోలెడు.

కింద కొటేషన్లలో ఉన్నవన్నీ అలాంటి సలహాలే. ఒక్కటి కూడా పాటించకండి. ఎందుకు పాటించకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మింగేవాళ్ళకు దొరికే సలహాలనూ, తయారుచేసేవాళ్ళకు దొరికే సలహాలనూ కావాలనే కలిపి రాశాను. రెండు వైపులా జరిగే పొరపాటు ఒక్కటే: మందంటే లోపలి రసాయనం మాత్రమేననీ, దాన్ని పట్టి ఉంచే పాలిమర్ ఉత్త పిండి అనీ అనుకోవడం. మెల్లగా వదిలే మాత్రలో మందు ఎంత ముఖ్యమో, అది వెలువడే వేళ కూడా అంతే ముఖ్యం. ఆ వేళను చూసుకునేది పాలిమరే.

“మాత్ర ఇంత లావుంటే ముసలామె ఎట్లా మింగుతుంది? నూరి మజ్జిగలో కలిపిచ్చేయ్ అక్కా, ఏం కాదు.”

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేదీ, ఎక్కువ హాని చేసేదీ ఇదే. చెప్పేవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. మాత్ర లావుగా ఉండటమూ నిజమే. మెట్‌ఫార్మిన్ 1000 ఎస్.ఆర్. (మెల్లగా వదిలే రకం) షుగరు మాత్రలో మందే ఒక గ్రాము. దాన్ని మెల్లగా వదలడానికి కలిపే పాలిమర్ బరువు దానికి అదనం.

ఆ పాలిమర్ చాలా మాత్రల్లో హైప్రోమెలోజ్. సెల్యులోజ్‌ను రసాయనికంగా మార్చి తయారుచేసే తెల్లని పొడి ఇది. నీళ్ళు తగలగానే ఉబ్బి జిగురవుతుంది. మాత్ర పైభాగమంతా జిగురు పొరగా మారి లోపలి పొడిని కప్పేస్తుంది. ఆ పొర గుండా నీళ్ళు నెమ్మదిగా లోపలికి దిగుతాయి, కరిగిన మందు నెమ్మదిగా బయటికి వస్తుంది. బయటి అంచు అరిగిపోతున్నకొద్దీ లోపల కొత్త పొర తయారవుతూ ఉంటుంది.

ఇది ఇంట్లోనే చూడవచ్చు. గడువు దాటిన ఎస్.ఆర్. మాత్ర ఒకటి గ్లాసు నీళ్ళలో వేసి పిల్లలకు అందని చోట పెట్టండి. కాసేపటికి అంచులు నునుపెక్కుతాయి. గంట తర్వాత వేలితో తాకితే జారుతుంది. మూడు నాలుగు గంటలకు ఉబ్బి తాటిముంజలా అవుతుంది. అప్పుడు చాకుతో అడ్డంగా కోస్తే మధ్యలో ఇంకా తడవని తెల్లటి ముద్ద కనిపిస్తుంది. రాత్రి భోజనంతో మింగిన మాత్రలో తెల్లవారుజామున అందాల్సిన మందు ఆ ముద్దలోనే ఉంది. రోట్లో నూరినప్పుడు మీరు పగలగొట్టేది దాన్నే. జిగురు పొర ఏర్పడటానికి చోటే లేకుండా పోతుంది. రాత్రంతా అందాల్సినది గంటలోపే కడుపులో పడుతుంది.

మెట్‌ఫార్మిన్ అయితే వికారం, విరేచనాలతో ఆ పూట గడవచ్చు, తెల్లారేసరికి మందు పని అయిపోయి షుగరు మళ్ళీ పెరగవచ్చు. నిఫెడిపిన్ లాంటి బీపీ మందు అయితే కథ వేరు. నూరిన పొడి ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కితే బీపీ దబ్బున పడిపోతుంది, పెద్దవయసువాళ్ళకు అది ప్రాణం మీదికి రావచ్చు. నొప్పికి వాడే నల్లమందు జాతి మాత్రల సంగతి ప్రపంచమంతా చూసింది. అమెరికాలో 1990ల మధ్యలో వచ్చిన ఆక్సికాంటిన్ మాత్ర పన్నెండు గంటలు మెల్లగా వదిలేలా తయారైంది. మత్తుకు అలవాటు పడినవాళ్ళు దాన్ని నలిపి ఆ పన్నెండు గంటల మందునూ ఒక్కసారిగా తీసుకున్నారు. 2010లో కంపెనీ పాలీఇథిలీన్ ఆక్సైడ్ వాడి, నలిపితే పొడి కాని గట్టి మాత్రగా దాన్ని మార్చాల్సి వచ్చింది. మత్తు కోసం నలిపినా, ప్రేమతో నూరినా మాత్ర లోపల జరిగేది ఒక్కటే.

“గీత ఉంది కదా, సగం చేయొచ్చా?” అని అడుగుతారు. ఇది మంచి ప్రశ్న. దీనికి ఒకే జవాబు లేదు. మెటోప్రొలాల్ సక్సినేట్ అనే బీపీ మందు మాత్రల్లో కొన్ని వందలకొద్దీ చిన్న చిన్న గుళికలను కలిపి అదిమినవి. ఒక్కో గుళికకూ దాని పొర దానికుంటుంది. గీత దగ్గర విరిచినా గుళికలు చెక్కుచెదరవు కాబట్టి సగం చేయవచ్చు. నమలడం, నూరడం మాత్రం కూడదు. మాత్ర మొత్తం ఒకే ముద్దగా ఉండే రకాలను విరిస్తే కొత్త ముఖం తెరుచుకుని మందు వేగంగా వస్తుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చూసి పోల్చుకోలేం, అడగాల్సిందే.

మరి ముసలమ్మ ఏం చేయాలి? డాక్టరుకు “మింగలేకపోతున్నాను” అన్న ఒక్క మాట చెప్పాలి. అదే మందు మామూలు రకంలో చిన్న మాత్రగా రెండు మూడు పూటలకు ఉండవచ్చు, ద్రవరూపంలో ఉండవచ్చు, మార్చుకోదగ్గ వేరే మందు ఉండవచ్చు. అయితే ఎస్.ఆర్. మాత్రను ఆపి అదే మోతాదు మామూలు మాత్రను సొంతంగా వేసుకోకూడదు, లెక్క మారుతుంది. ఇక సిప్‌కాట్‌లో మాత్రలు డిజైన్ చేసే నా వృత్తివాళ్ళకు ఒక మాట. మీ మాత్రను ఎవరైనా నూరారంటే ముందు మీ డిజైన్‌ను అనుమానించండి. అరవై దాటినవాళ్ళు రోజూ మింగాల్సిన వస్తువును అంత పరిమాణంలో చేసి, బాధ్యతంతా మింగేవాళ్ళ మీద వేయడం న్యాయం కాదు.

“మాత్ర దొడ్డికి పోయినప్పుడు అట్లే వచ్చేసింది. ఒంటికి పట్టలేదు. ఇంకోటి వేసుకో.”

వేసుకోకండి. బయటికి వచ్చింది ఖాళీ గూడు. మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్. రకాల్లో మందంతా కరిగిపోయాక కూడా పాలిమర్ మెత్తటి ముద్దగా మిగిలి మాత్ర ఆకారంలోనే కనిపించవచ్చు. ద్రవాభిసరణ పంపు అనే ఇంకో రకం ఉంది. అమెరికాలో ఆల్జా కంపెనీలో ఫెలిక్స్ థియువెస్ 1975లో వివరించిన పద్ధతి అది. మాత్ర చుట్టూ నీళ్ళను మాత్రమే లోపలికి రానిచ్చే సెల్యులోజ్ అసిటేట్ పొర ఉంటుంది, పైన లేజరుతో చేసిన సన్నటి రంధ్రం ఉంటుంది. లోపలికి దిగిన నీళ్ళు మందును ఆ రంధ్రం గుండా బయటికి నెడతాయి. పొర మాత్రం కరగదు. పేగుల పొడవునా ప్రయాణించి చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. నిఫెడిపిన్, మిథైల్‌ఫెనిడేట్ మాత్రల్లో ఈ పద్ధతి వాడారు.

గూడు చూసి భయపడి రెండో మాత్ర వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. ఈ సంగతి మందు చేతికిచ్చేటప్పుడు అరనిమిషంలో చెప్పేయవచ్చు. మాత్రలు ఇంటికి తెచ్చే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణలో నేర్పాల్సిన మొదటి పది మాటల్లో ఇది ఉండాలని నా పట్టుదల. ఒక్క మినహాయింపు: విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్ర నిజంగానే తొందరగా బయటపడిపోవచ్చు. పదే పదే అలా జరుగుతుంటే, షుగరు అదుపులో లేకుంటే, డాక్టరుకు చెప్పండి.

“మెల్లగా వదిలే మాత్ర కడుపుకు ఎప్పుడూ సుఖమే.”

1983లో బ్రిటన్‌లో ఆస్మోసిన్ అనే మాత్రను మార్కెట్ నుంచి తీసేశారు. అందులో ఉన్నది ఇండోమెథాసిన్, కీళ్ళనొప్పుల మందు. పైన చెప్పిన పంపు పద్ధతే. కడుపును కాపాడుతుందని వచ్చిన మాత్ర అది. పేగులో ఒకచోట ఆగిపోయినప్పుడు ఆ సన్నటి రంధ్రం నుంచి గాఢమైన మందు ఒకే చోట పడుతూ పేగుకు చిల్లులు పెట్టింది. మందు మెల్లగానే వచ్చింది, లెక్క ప్రకారమే వచ్చింది. పేగులో మాత్ర ఎక్కడైనా ఆగితే ఏమవుతుందన్నది ఆ లెక్కలో చేరలేదు.

“పాలిమర్ ఇంకో పది శాతం పెంచు తమ్ముడూ, ఇరవై నాలుగు గంటలు లాగుతుంది. రోజుకొకటి అని అమ్ముకోవచ్చు.”

ఇది లోపలి సలహా. దీని వెనక ఒక అందమైన కల ఉంది, అది ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి. 1964లో జూడా ఫోక్‌మన్, డేవిడ్ లాంగ్ అనే అమెరికన్ వైద్యులు సిలికోన్ రబ్బరు గొట్టంలో మందు పెట్టి మూస్తే అది గోడ గుండా నెమ్మదిగా, చాలాకాలం బయటికి వస్తూనే ఉంటుందని చూపించారు. ఆ దారిలోనే తర్వాత చర్మం కింద పెట్టే నోర్‌ప్లాంట్ గర్భనిరోధక గొట్టాలు వచ్చాయి. 1983లో మొదట ఫిన్లాండ్ అనుమతించింది. అవి అయిదేళ్ళు పనిచేశాయి. రోజూ ఒకే వేగంతో, ఎక్కువతక్కువలు లేకుండా మందు అందాలన్నదే ఆ కల.

చర్మం కింద పెట్టిన గొట్టం పెట్టినచోటే ఉంటుంది. మాత్ర అలా ఉండదు, నడుస్తూనే ఉంటుంది. ఖాళీ కడుపులో దాదాపు గంటన్నర, రెండు గంటలకోసారి ఒక బలమైన అల వచ్చి మిగిలిపోయినదాన్నంతా కిందికి ఊడ్చేస్తుంది. చిన్నపేగును దాటడానికి సుమారు మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ తర్వాత పెద్దపేగు. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా ఒంటికి పట్టేది చిన్నపేగు పైభాగంలోనే. మీరు పాలిమర్ పెంచి ఇరవయ్యో గంటలో వదిలించిన మందు అప్పటికి పెద్దపేగులో ఉంటుంది, చాలావరకు వృథాగా పోతుంది. బీకరులో గీసిన గ్రాఫు మాత్రం ముచ్చటగా ఉంటుంది.

అందుకే మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్.ను రాత్రి భోజనంతో వేసుకోమంటారు. కడుపులో అన్నం ఉన్నంతసేపూ ఆ ఊడ్చే అల రాదు, ఉబ్బిన మాత్ర పైనే ఆగి మందును మెల్లగా కిందికి పంపుతుంది. ఈ మాత్ర సగం ఫ్యాక్టరీలో తయారైతే మిగతా సగం కంచం ముందు తయారవుతుంది. డిజైన్ చేసేవాళ్ళు మొదట అడగాల్సింది “ఏ పాలిమర్?” అని కాదు. ఈ మందు పేగులో ఎక్కడ పడుతుంది, రక్తంలో ఎంతసేపు నిలుస్తుంది, అసలు దీన్ని మెల్లగా వదలాల్సిన అవసరం ఉందా? ఒంట్లో సహజంగానే రోజంతా నిలిచే మందులు చాలా ఉన్నాయి. వాటికి ఎస్.ఆర్. తగిలించడం రోగి జేబుకు బరువు.

ఇంకొకటి. తగ్గించడమూ ప్రమాదమే. ఖర్చు మిగులుతుందని హైప్రోమెలోజ్‌ను మరీ తగ్గిస్తే పాలిమర్ రేణువులు ఒకదానికొకటి తగిలి అల్లుకునేంత ఉండవు. జిగురు పొరలో కంతలు పడతాయి. ఒక మాత్ర బాగుంటుంది, దాని పక్కదే నీళ్ళలో విడిపోతుంది. సాధారణంగా మాత్ర బరువులో ముప్పై శాతం దగ్గర మొదలుపెట్టమనడం ఆ భయంతోనే.

“మామిడి తొక్క మన ఊరిది, ఉత్తపుణ్యానికి దొరుకుతుంది. పెక్టిన్ తీసి మాత్రలో కలిపేయ్. సహజమైనది కదా, హాని ఏముంటుంది?”

ఈ సలహా వెనక ఉన్న ఆశ నాకూ ఇష్టమే, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కృష్ణగిరి చుట్టూ తోతాపురి పండును గుజ్జు చేసే ఫ్యాక్టరీలు వేసవి చివర్లో హోరెత్తిపోతాయి. ఎల్లకు అటువైపు చిత్తూరు జిల్లాలోనూ అదే హడావిడి. తొక్కా టెంకా కలిపితే పండు బరువులో మూడో వంతుకు పైనే. తొక్కలో పెక్టిన్ ఉంది. పెక్టిన్‌ను కడుపులోనూ, చిన్నపేగులోనూ మన ఎంజైములు అరిగించలేవు. పెద్దపేగులోని బ్యాక్టీరియా మాత్రం తినేస్తుంది. అంటే పెద్దపేగు జబ్బులకు మందును నేరుగా అక్కడే విప్పడానికి వీలుంది. ఆలోచన శాస్త్రీయమైనదే.

ఇలాంటి దారిలో మనవాళ్ళు నడిచారు కూడా. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఫార్మసీ పరిశోధకులు వై.ఎస్.ఆర్. కృష్ణయ్య, ఆయన సహచరులు గోరుచిక్కుడు గింజల బంకతో ఇండోమెథాసిన్ మాత్రలు చేసి, పెద్దపేగు దాకా మందును పట్టి ఉంచుతుందా అని చూశారు. 1998లో అది అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. బ్యాక్టీరియా ప్రభావం తెలుసుకోవడానికి వాళ్ళు ఎలుక పెద్దపేగులోని పదార్థాన్ని ద్రవంలో కలిపి పరీక్షించారు. ప్రకృతి ఇచ్చినదాన్ని నమ్మి ఊరుకోకుండా పరీక్షకు పెట్టారు. అనుకరించాల్సింది ఆ పద్ధతిని.

తొక్క పెక్టిన్‌తో ఇబ్బందులు ఇవీ. మొదటిది, అది నీళ్ళలో ఉబ్బి కరుగుతుంది. పెద్దపేగు చేరకముందే మందు కారిపోతుంది. కాల్షియం కలిపితే గొలుసులు ఒకదానికొకటి బిగుసుకుంటాయి, కానీ మిథైల్ గుంపులు తక్కువున్న పెక్టిన్‌కే అది బాగా కుదురుతుంది. తొక్క నుంచి మామూలుగా తీసే పెక్టిన్‌లో అవి ఎక్కువుంటాయి, తగ్గించడానికి ఇంకో ప్రక్రియ కావాలి. కాల్షియం మరీ ఎక్కువైతే ముద్ద బిగిసిపోయి బ్యాక్టీరియాకూ కొరుకుడు పడదు, మందు లోపలే ఉండి బయటికి పోతుంది. రెండో ఇబ్బంది ఇంకా మొండిది. పండు మాగుతున్నకొద్దీ దానిలోని ఎంజైములే పెక్టిన్ గొలుసులను తెంపుతాయి. సీజన్ మొదట్లో వచ్చిన దోరకాయ తొక్కకూ, చివర్లో వచ్చిన బాగా పండిన పండు తొక్కకూ గొలుసు పొడవే వేరు. జిగురు వేరు. మందు వెలువడే వేగమూ వేరు. జూన్‌లో చేసిన మాత్ర పన్నెండు గంటలు పట్టి ఉంచి, జూలైలో చేసినది ఆరు గంటలకే వదిలేస్తే ఆ తేడాను భరించేది రోగి. మూడోది, తోటలో కొట్టిన పురుగుమందు తొక్క మీదే ఎక్కువ ఉంటుంది. గుజ్జు ఫ్యాక్టరీ వెనక కుప్పపోసిన తొక్క మీద ఎండ వేళకు బూజు పట్టకుండా ఉండదు.

ఇవన్నీ దాటలేనివని నేను అనడం లేదు. ఏ లారీ తొక్క ఏ రోజుదో రాసుకుని, వచ్చిన పూటే ఆరబెట్టి, ప్రతి బ్యాచ్‌కూ జిగురు కొలిచి, మిథైల్ శాతం కొలిచి, రెండు బ్యాచ్‌లు కలిపి ఒకే కొలతకు తేవాలి. ఆ పని ఈ జిల్లాలో ఎవరైనా ఓపికగా చేస్తే గుజ్జు ఫ్యాక్టరీకీ, మందుల ఫ్యాక్టరీకీ రెండింటికీ లాభమే. “సహజం కాబట్టి హాని లేదు” అన్న మాటను పక్కన పెడితేనే ఆ పని మొదలవుతుంది.

“బీకరులో బాగా వచ్చిందంటే కడుపులోనూ బాగానే వస్తుంది.”

బీకరులో 37 డిగ్రీల దగ్గర 900 మిల్లీలీటర్ల ద్రవం, ఒకే వేగంతో తిరిగే తెడ్డు. మొదట ఆమ్లంలో రెండు గంటలు, తర్వాత 6.8 పీహెచ్ ద్రవంలో. ఈ పరీక్ష అవసరమే, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా పట్టేస్తుంది. కానీ దానికి ఆకలి లేదు, భోజనం లేదు. 1980ల్లో థియోఫిలిన్ అనే ఉబ్బసం మందు విషయంలో ఇది బయటపడింది. రోజుకొకటిగా తయారైన ఒక రకాన్ని బాగా కొవ్వున్న భోజనంతో కలిపి తీసుకుంటే రోజంతటి మోతాదులో పెద్ద భాగం కొద్ది గంటల్లోనే రక్తంలోకి వచ్చేసింది. థియోఫిలిన్ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి.

దాని తర్వాత భోజనంతో పరీక్ష చేయడం నియమమైంది. అమెరికా ఔషధ సంస్థ ఉదాహరణగా చెప్పే ఆ భోజనం ఏమిటో చూడండి: వెన్నలో వేయించిన రెండు గుడ్లు, రెండు బేకన్ ముక్కలు, వెన్న రాసిన రెండు బ్రెడ్డు ముక్కలు, వేయించిన బంగాళాదుంప తురుము, గ్లాసు చిక్కటి పాలు. మొత్తం 800 నుంచి 1000 కేలరీలు, అందులో సగం కొవ్వు నుంచే. ఇదే జిల్లాలో డెంకణికోట వైపు పల్లెల్లో రాత్రి పూట తినేది రాగిముద్ద, పులుసు. కొవ్వు తక్కువ, పిండి ఎక్కువ. ఆ ముద్ద మధ్యలో చిక్కుకున్న జిగురు మాత్ర ఎలా నడుస్తుందో బేకన్ భోజనం చెప్పలేదు. ఈ ప్రాంతంలో మాత్ర తయారుచేసేవాళ్ళు కనీసం ప్రయోగశాల దశలోనైనా రాగిముద్ద, పులుసు, మజ్జిగ కలిపిన ద్రవంలో తమ మాత్రను నానబెట్టి చూడాలి. నియమం అడగకపోయినా చూడాలి.

పరిశోధన చేసే ఫార్మసీ విద్యార్థులకు ఇక్కడే ఒక చిన్నమాట. “ఆర్-స్క్వేర్ ఎక్కువ వచ్చిన సమీకరణాన్ని రాసేయ్” అంటారు. రాయకండి. హిగుచి అనే శాస్త్రవేత్త 1961లో ఇచ్చిన సూత్రం ప్రకారం వెలువడిన మందు కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది: గంటలో 20 శాతం వస్తే నాలుగు గంటలకు 40, తొమ్మిది గంటలకు 60. అది కుదిరిందంటే మందు జిగురు గుండా వ్యాపిస్తూ వస్తోందని అర్థం చెప్పుకోవచ్చు, కానీ మాత్రను కోసి లోపల చూసి ఆ అర్థం సరైనదేనని తేల్చుకోవాలి. పాలిమర్ అరిగిపోతోందా, ఉబ్బుతోందా, చీలిపోతోందా అన్నది కంటికి కనిపిస్తుంది.

“రెండు పెగ్గులకే మాత్ర ఏమైపోతుంది?”

మాత్రే పాడవుతుంది. కొన్ని మెల్లగా వదిలే మందుల పైపొర ఇథైల్ సెల్యులోజ్‌తోనో, అక్రిలిక్ పాలిమర్లతోనో చేస్తారు. ఇవి నీళ్ళలో కరగవు, సారాయిలో కరుగుతాయి. 2005లో అమెరికాలో పల్లడోన్ అనే నొప్పి మందును ఈ కారణంతోనే మార్కెట్ నుంచి తీసేశారు. గాఢమైన మద్యంతో కలిపి పరీక్షించినప్పుడు రక్తంలో మందు గరిష్ఠ స్థాయి సగటున ఆరు రెట్లు, ఒక మనిషిలో పదహారు రెట్లు పెరిగింది. అది ఊపిరి ఆపేసే జాతి మందు. హైప్రోమెలోజ్ పొరలు మద్యానికి కొంత తట్టుకుంటాయి, కానీ మీ మాత్రకు ఏ పొర ఉందో టాస్మాక్ మద్యం అంగడి వరుసలో నిలబడి తేల్చుకోలేరు. మెట్‌ఫార్మిన్‌తో ఎక్కువగా తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయే ప్రమాదం పొరతో సంబంధం లేకుండానే ఉంది. దీని మీద రాజీ మాట చెప్పను.

“మన హోసూరు చల్లటి ఊరు. ఇక్కడ పాడవలేదంటే ఎక్కడా పాడవదు.”

మాత్ర హోసూరులో ఉండదు. మే నెలలో విజయవాడ అంగడిలో రేకు కప్పు కింద ఉంటుంది, వానల్లో కాకినాడ ఉప్పుగాలిలో ఉంటుంది. అందుకే మన దేశానికి 30 డిగ్రీల వేడి, ఎక్కువ తేమ దగ్గర నిల్వ పరీక్ష. తొందర పరీక్ష అయితే 40 డిగ్రీల దగ్గర ఆరు నెలలు. నీటిలో కలిపి పూసే ఇథైల్ సెల్యులోజ్ పొరలో ఒక చిక్కు ఉంది. పూసినప్పుడు అది చిన్న చిన్న రేణువులుగా పడుతుంది, వేడి తగిలేకొద్దీ అవి ఒకదానిలో ఒకటి కలిసి పొర మూసుకుంటుంది. ఫ్యాక్టరీలో ఆ వేడి పట్టించడం తగ్గిస్తే మిగతాది అంగడిలో జరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ మందు మరీ నెమ్మదిగా వస్తుంది. రోగి “ఈ మాత్ర ఇప్పుడు పనిచేయడం లేదు” అంటే నమ్మండి.

“రోజంతా పనిచేసే మాత్రే కదా, ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వేసుకో. నిన్నటిది మర్చిపోతే ఈరోజు రెండు.”

రెండు వేసుకోకండి. రోజుకొకటి మాత్రను ఒకే వేళకు వేసుకోవాలన్నది పాలిమర్ లెక్క. సిప్‌కాట్‌లో వారం వారం షిఫ్టు మారే కార్మికుడికి ఇది నిజంగా కష్టం. పగటి షిఫ్టులో రాత్రి ఎనిమిదికి తినే పెద్ద భోజనం నైట్ షిఫ్టులో పొద్దున ఏడుకు మారుతుంది. మీ మూడు షిఫ్టుల భోజన వేళలూ ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి, షిఫ్టు మారే రోజు ఏం చేయాలో ఆయన్నే రాసివ్వమనండి. మందుతో పాటు ఆ కాగితం కూడా మీ టిఫిన్ సంచిలో ఉండాలి.

“పది మాత్రల స్ట్రిప్ ఎందుకన్నా, నాలుగు కత్తిరించి ఇవ్వు చాలు.”

డబ్బు లేనివాళ్ళు అలాగే కొంటారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ కత్తిరించిన ముక్క మీద ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., సి.ఆర్., ఎక్స్.ఎల్. అన్న అక్షరాలు మిగలవు. మెల్లగా వదిలే మాత్ర అని చెప్పే ఆనవాలు ఆ రెండక్షరాలే. అవీ ఇంగ్లిషులో ఉంటాయి, ఒక్కో కంపెనీ ఒక్కో జత వాడుతుంది. మందులంగడివాళ్ళు అక్షరాలున్న చివరి ముక్కను ఆఖరికి ఉంచుకోకుండా మొదటి రోగికే ఇచ్చినా, మిగతా ముక్కలకు పేరు లేకుండా పోతుంది. ప్యాకింగ్ విభాగంలో పనిచేసేవాళ్ళకు నా విన్నపం ఇది: ప్రతి మాత్ర గుంట వెనకా ఒక చిన్న బొమ్మ వేయించండి. అంత చోటులో తమిళం, తెలుగు, కన్నడం మూడూ పట్టవు. రోలు, దాని మీద అడ్డంగా ఒక ఎర్ర గీత పడుతుంది. ఆ అచ్చుకు ఒక్కో స్ట్రిప్ మీద ఎంత ఖర్చు పెరుగుతుందో లెక్క కట్టించి, దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టండి.